ఇంటిపేరుకు జిల్లా టార్టన్ వెతకడం ఎలా: గాలోవే ఉదాహరణ

టార్టన్ అంటే స్కాట్లండ్‌వాళ్ల రంగు చారల గళ్ల గుడ్డ; వంశం పేరిట కాక ఒక ప్రాంతం పేరిట ఉన్నది జిల్లా టార్టన్. ఇంటిపేరు కొడితే టార్టన్ చూపించే దుకాణాల జాబితాలతో మొదలుపెట్టకండి. ముందు పూర్వీకుల ఊరు తేలాలి. స్కాట్లండ్‌లో 1855 జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు తప్పనిసరి అయింది. అంతకుముందు వాటికి పాత పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లే ఆధారం. రెండూ స్కాట్లండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. పూర్వీకుల పారిష్ విగ్‌టౌన్‌షైర్‌లోనో కిర్‌కూబ్రీషైర్‌లోనో ఉంటే, వాళ్లది నైరుతి మూలనున్న గాలోవే.

హానే, మెక్‌డౌవల్, మెక్‌కల్లోక్, ఆగ్న్యూ, మెక్కీ ఇక్కడి పాత ఇంటిపేర్లు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది మెక్‌డౌవల్ దగ్గర. పేర్లు దగ్గరగా వినిపిస్తాయని పాత జాబితాలు వీళ్లను మెక్‌డూగల్ క్లాన్‌లో (వంశంలో) కలిపేశాయి. మెక్‌డూగల్‌లది ఆర్గైల్‌లోని లోర్న్, 12వ శతాబ్దపు పాలకుడు సోమర్లెడ్ కొడుకు డూగల్ సంతతి. మెక్‌డౌవల్‌లు గాలోవే పాత ప్రభువుల వంశమని చెప్పుకుంటారు. మెక్కీలను ఉత్తరాన సదర్లండ్ వైపు మెకాయ్‌లతో కలపడమూ ఇలాంటిదే. హానే పేరు హానా అని కూడా నమోదై ఉంటుంది, అన్ని వర్ణక్రమాలతో వెతకండి.

తర్వాత స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్ తెరవండి. 2008 చట్టంతో ఏర్పడి 2009లో మొదలైంది. బొమ్మకంటే ముందు రూపకర్త పేరు, తేదీ చూడండి. గాలోవే టార్టన్ 20వ శతాబ్దంలో జాన్ హానే రూపొందించినది. ఆకుపచ్చది, ఎర్రది అని రెండున్నాయి. దాన్ని కలోడెన్ యుద్ధకాలం (1746) నాటిదని చెప్పడం చరిత్రకు అన్యాయం. బానక్‌బర్న్‌లోని విల్సన్స్ 1819 నమూనా పుస్తకంలో ఊళ్ల పేర్లు కనిపించినా తొందరపడొద్దు. అవి నేత సంస్థ తన సరుకుకు పెట్టుకున్న పేర్లు, ఆ ఊరివాళ్లు తొడిగారనడానికి సాక్ష్యం కావు. క్లాన్ లేనివాళ్లు కూడా తమ ప్రాంతం పేరిట ధరించగలగడమే జిల్లా టార్టన్ గొప్ప. ఎవరు ధరించాలో చెప్పే చట్టం లేదు.

నేయించేటప్పుడు పోగుల లెక్క, అంటే ఏ రంగు ఎన్ని పోగులో చెప్పే వరస, జాగ్రత్త. ఆ/12 న4 ఆ24 ఎ/6 అని ఉందనుకోండి (ఆకుపచ్చ, నలుపు, ఎరుపు). ఇది చదవడం నేర్చుకోవడానికి రాసినదే, గాలోవే లెక్క కాదు. వాలుగీత ఉన్న రంగు దగ్గర వరస వెనక్కి తిరుగుతుంది, ఆ రంగు రెండోసారి రాదు. అంటే ఆ12 న4 ఆ24 ఎ6 ఆ24 న4, మొత్తం 74 పోగులు. కొన్ని పాత లెక్కల్లో తిరిగేచోట సగమే రాసేవారు. అలా రాసిన 6ను పూర్తి లెక్కగా చదివితే ఎర్రచార సగానికి సన్నబడుతుంది.

పడుగులో ఏ వరసో పేకలోనూ అదే వరస. పేక రెండు పోగుల మీదుగా, రెండింటి కిందుగా, ప్రతి వరసకూ ఒక పోగు జరుగుతూ పోతుంది. నేసేటప్పుడు పేకను గట్టిగా కొడితే గళ్లు పొట్టివవుతాయి, వదులైతే సాగుతాయి. నమూనా గుడ్డ మీద ఏటవాలు గీత గడి మూలల మీదుగా సరిగ్గా 45 డిగ్రీల్లో వెళ్తుందో లేదో చూశాకే మిగతా గుడ్డ నేయించండి.