స్నార్కెలింగ్ మాస్క్ మసకబారకుండా

అండమాన్‌లో హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్తూ స్నార్కెలింగ్‌కి, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిమీద తేలి కిందికి చూడటానికి, సొంత మాస్క్ కొన్నారా? పెట్టెలోంచి తీసింది తీసినట్టు నీళ్లలోకి దిగకండి. కొత్త అద్దానికి తయారీలో పట్టిన సన్నటి జిడ్డు పొర ఉంటుంది. అది పోయేదాకా ఏం రాసినా మసక పడుతూనే ఉంటుంది. ఇంటి దగ్గరే తెల్ల టూత్‌పేస్ట్ (జెల్ పనికిరాదు) శనగగింజంత తీసుకుని, పొడి అద్దానికి లోపలివైపు వేలితో రెండు నిమిషాలు రుద్ది కడగండి. ఇలా రెండు మూడుసార్లు. టెంపర్డ్ గ్లాస్ అయితేనే సుమా! ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, యాంటీఫాగ్ కోటింగ్ ఉంటే ఊడిపోతుంది.

దిగేముందు బేబీ షాంపూ ఒక్క చుక్క లోపల పూసి, ఒకసారి నీళ్లలో ముంచి తీయండి. గట్టిగా కడిగితే పూసిందంతా పోతుంది. ఆ తర్వాత లోపల వేలు పెట్టొద్దు, సన్‌స్క్రీన్ అంటిన వేలైతే అసలే వద్దు. మధ్యలో మాస్క్‌ని నుదుటి మీదకి ఎత్తితే ఆ వేడికీ చెమటకీ ఇట్టే మసకేస్తుంది. మెడలోకి దించుకోండి.

నీళ్లు లోపలికి కారుతుంటే చాలామంది పట్టీ బిగిస్తారు. బిగించేకొద్దీ సిలికాన్ అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. ముందు అంచు కింద వెంట్రుకలు ఇరుక్కున్నాయేమో చూడండి. మీసాలున్నవాళ్లు ముక్కు కింద పైఅంచు సన్నగా గీసుకుంటే చాలావరకు ఆగుతుంది.