సూపర్‌డోమ్‌లో మ్యాచ్‌కి వెళ్లే ముందు

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, సూపర్‌డోమ్ స్టేడియంలో మ్యాచ్ చూసి, రాత్రికి జాజ్ సంగీతం కూడా వినాలనుకుంటే ఇవి ఒకసారి సరిచూసుకోండి.

☐ బ్యాగ్. చాలామంది గేటు దగ్గర ఇరుక్కునేది ఇక్కడే. ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లకు పారదర్శకమైన బ్యాగే తీసుకెళ్లాలి, అది 12 × 6 × 12 అంగుళాలు దాటకూడదు. చేతిలో పట్టే చిన్న పర్సు మామూలుదైనా ఫర్వాలేదు, 4.5 × 6.5 అంగుళాల లోపు ఉంటే చాలు. బ్యాక్‌ప్యాక్ హోటల్‌లోనే వదిలేయండి.

☐ చెవులు. 1975లో తెరిచిన ఈ స్టేడియానికి పైకప్పు శాశ్వతంగా మూసే ఉంటుంది. అరుపులు బయటికి పోవు, తిరిగి మన మీదే పడతాయి. పిల్లలుంటే చెవులకు శబ్దం ఆపే హెడ్‌సెట్ తప్పనిసరి. పెద్దవాళ్లు దూది పెట్టుకున్నా సిగ్గేం లేదు!

☐ ఫోన్ చార్జింగ్, టికెట్ అందులోనే కాబట్టి.

☐ బట్టలు. బయట ఉక్కపోత, లోపల ఏసీ. పల్చటి పైచొక్కా ఒకటి ఉంచుకోండి.

☐ మ్యాచ్ తర్వాత పాట. ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లో రాత్రిళ్లు బ్యాండ్లు వాయిస్తాయి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, టిప్పుల బకెట్ మీ ముందుకొచ్చినప్పుడు కార్డు చూపిస్తే బాగోదు. పిల్లలతో అయితే 1961 నుంచి నడుస్తున్న ప్రిజర్వేషన్ హాల్ అనే జాజ్ వేదిక మేలు, అక్కడ వయసు అడ్డం కాదు. నగరంలోని పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్ వీధుల్లో మద్యం ప్లాస్టిక్ కప్పుల్లోనే, గాజు సీసా పట్టుకు తిరగకూడదు.

☐ జనంలో జేబు జాగ్రత్త. మనసంతా ట్రంపెట్ మీదే ఉంటుంది కదా.