మీ ఊరి సమాధుల తోటలో ఉన్న పాత మందిరం (చర్చి) ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి

గోడ మీద పాలరాయి ఫలకం కనిపించగానే సంవత్సరం రాసుకుని వచ్చేయకండి. చాలాసార్లు అందులో ఉండేది తర్వాత రిపేర్లు చేయించిన దాతల పేర్లే.

ముందు ఆ చర్చి సంఘాన్ని ఏ మిషన్ (విదేశీ మిషనరీ సంస్థ) పెట్టిందో తేల్చండి, పాత కాగితాలు ఆ దారిలోనే దొరుకుతాయి. గుంటూరు వైపు అయితే 1842లో మిషనరీ హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ మిషన్, నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, బందరులో 1841 నుంచి ఆంగ్లికన్ల సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ), కడపలో లండన్ మిషన్, మెదక్‌లో మెథడిస్టులు. బయట సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) బోర్డు ఉంటే 1947కి ముందు ఆ సంఘం ఎవరిదని అడగాలి, ఎందుకంటే ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ సంఘాలు ఆ ఏడాది సెప్టెంబర్ 27న కలిసి సి.ఎస్.ఐ. అయ్యాయి. బాప్టిస్టులు, లూథరన్లు కలవలేదు.

తర్వాత భూస్థాపన రిజిస్టర్, అంటే ఎవరిని ఎప్పుడు సమాధి చేశారో చర్చిలో రాసి ఉంచే పుస్తకం. ఆదివారం ఆరాధన అయ్యాక, ఒక సంఘ పెద్దని వెంటబెట్టుకుని అయ్యగారిని (పాస్టర్‌ని) అడగండి, ఒంటరిగా వెళ్తే ఇదేదో స్థలం గొడవ అనుకునే ప్రమాదం ఉంది (నిజానికి సగం ఊళ్లలో అది గొడవే).

సమాధి రాళ్ల మీద అక్షరాలు అరిగిపోతే యాసిడ్ పోసి రుద్దకండి, పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే చాలావరకు చదవొచ్చు. పాత సమాధి ఉందని మందిరం కూడా అంత పాతదనుకోవద్దు. బందరు సెయింట్ మేరీస్ చర్చి సంగతి చూడండి, అరబెల్లా రాబిన్సన్ సమాధి ముందు, దాని చుట్టూ మేజర్ జనరల్ పేటర్ కట్టించిన చర్చి తర్వాత. దొరల సమాధులైతే 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అచ్చువేయించిన మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల జాబితాలో వెతకండి. మనవాళ్ల పేర్లకి మాత్రం రిజిస్టరే దిక్కు.

కట్టడాన్ని కూడా చూడండి. గానుగ సున్నంతో కట్టారా, సిమెంటా? పైకప్పు మంగళూరు పెంకులైతే ఒకటి తిరగేసి ముద్ర చదవండి: పెంకులు చేసిన బాసెల్ మిషన్ పేరుంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కాలం, కామన్‌వెల్త్ అని ఉంటే ఆ యుద్ధం తర్వాతి కాలం. అయితే పెంకులు మారుస్తూనే ఉంటారు కాబట్టి అది కప్పు వయసే, గోడలది కాదు.

చివరగా తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబర్ పట్టుకుని ఆర్.ఎస్.ఆర్. (రీ-సెటిల్‌మెంట్ రిజిస్టర్ అనే పాత భూమి రికార్డు) చూడండి, తెలంగాణలో అయితే సేత్వార్ (పాత సర్వే రికార్డు), పాత పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు). శ్మశానం పోరంబోకు (శ్మశానానికి వదిలిన ప్రభుత్వ భూమి) అని ఉందా, మిషన్ పేరు మీద పట్టా ఉందా అన్నది అక్కడే తేలుతుంది. పట్టా అయితే రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజు నకలు కూడా అడగండి, భూమి ఎవరిచ్చారో అందులో ఉంటుంది.