అతికిన చోటే మళ్లీ విరిగే పాత బంగారం: సమస్య - పరిష్కారం

పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి ప్రొద్దుటూరు, కడప ప్రాంతాల మరమ్మతు బల్లల మీదికి అవ్వల నాటి కాసులపేర్లు, వడ్డాణాలు, జడబిళ్లలు, వంకీలు వరుసగా వస్తాయి. వాటిలో చాలా నగలు ఇదివరకే ఒకసారి, ఒక్కొక్కటి రెండు మూడు సార్లు, అతుకు పడినవే. వెలిగారం పూయడం, మంట పట్టడం, కాల్చి మెత్తబరచడం తెలిసిన పనివారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను గనుక ఆ ప్రాథమిక విషయాలను ఇక్కడ మళ్లీ వివరించడం లేదు.

మంటకు ముందు

నగను వెనక్కి తిప్పి, భూతద్దంతో ప్రతి అతుకునూ చూడాలి. ఇంతకు మించిన సులువైన పరీక్ష లేదు, ఇంతకంటే ఎక్కువగా వదిలేసే పరీక్షా లేదు. ముందువైపు కెంపులు, పచ్చలు, నక్షీ పని చూసి ముచ్చటపడినవారు వెనుక కొక్కెం దగ్గర ఏముందో చూడకుండానే మంట వెలిగిస్తారు. పాత నగల విషయంలో జరిగే నష్టంలో అధికభాగం ఆ కొద్ది నిమిషాల తొందర వల్లనే జరుగుతున్నది.

టంకం (అతకడానికి కరిగించే లోహం) పారకుండా గుండ్రంగా ముడుచుకుపోతే

అతుకులో లక్క, మైనం, చెమట మురికి, పాత మెరుగుపొడి మిగిలి ఉన్నాయన్నమాట. కుంకుడు రసంలో నానబెట్టి, మెత్తని కుంచెతో కడిగి, అతుకు ముఖాలను గీకి శుభ్రపరిస్తే సరిపోతుంది. రెండు ముఖాల మధ్య సందు ఎక్కువగా ఉన్నా టంకం పారదు. సందును టంకంతో నింపాలని చూడకుండా, ముఖాలను సరిచేసి ఒకదానికొకటి ఆనేటట్లు కూర్చోబెట్టాలి.

సాగగొట్టేటప్పుడు అంచులు చీలితే

కాల్చకుండా ఎక్కువసేపు కొట్టిన బంగారం గట్టిపడి చీలడం సహజం. నీడలో మందమైన ఎరుపు కనిపించేవరకు కాల్చి, చల్లార్చి, మళ్లీ కొట్టి చూడాలి. ఆ తరువాత కూడా చీలికలు వస్తూనే ఉంటే కారణం దెబ్బలో లేదు, లోహంలో ఉంది. అప్పుడు సీసాన్ని అనుమానించాలి.

అతుకు విరిగి, విరిగిన ముఖం బూడిదరంగులో ఉంటే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ, అన్నిటికంటే ఆలస్యంగా బయటపడేదీ ఈ కారణమే. సీసం సోకిన బంగారం పలు విధాలుగా కనిపిస్తుంది. ఒక్కోసారి మంట తగిలిన చోట బంగారం ఇంకా ఎర్రబడకముందే ఒక బూడిద మచ్చ మెరిసి, కరిగి పాకి, లోహంలోకి ఇంకిపోతుంది. చల్లారాక చూస్తే అక్కడ గుంట పడి ఉంటుంది, రేకు పలుచనిదైతే ఏకంగా చిల్లే పడుతుంది. మరికొన్నిసార్లు అతుకు చక్కగానే కూర్చుని, ధరించిన కొద్ది రోజులకు చిన్న ఒత్తిడికే విరుగుతుంది. విరిగిన ముఖం పసుపుపచ్చగా సాగినట్లు ఉండక, బూడిదగా, గరుకుగా ఉంటుంది. అటువంటి నగను కరిగించి కడ్డీ పోస్తే అది సుత్తి దెబ్బకు పగులుతుంది, దాని తీగ కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే రంధ్రాల పలకలో) మాటిమాటికీ తెగుతుంది.

దీనికి మూలం చాలావరకు పాత మరమ్మతే. ఊడిన కొక్కేన్నో, చెవికమ్మ సీలనో ఎవరో రేడియోలకు వాడే తగరం-సీసం టంకంతో అంటించి ఉంటారు. ఆ టంకం 190 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది గనుక పని తేలిక, రాళ్లకు వేడి తగలదు, నగ ఆ పూటకు నిలుస్తుంది. తరువాత దాని మీద 800 డిగ్రీలు దాటిన మంట పెట్టినప్పుడే అసలు కీడు మొదలవుతుంది. శుద్ధమైన బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. ఈ రెండూ కలిసినచోట సీసం కంటే కూడా తక్కువ వేడికే కరిగే మిశ్రమం ఏర్పడి, చుట్టూ ఉన్న బంగారాన్ని తనలోకి లాక్కుంటుంది. చల్లారేటప్పుడు సీసం బంగారంలో ఇమడక, బంగారపు రేణువుల సరిహద్దుల్లో పొరగా మిగులుతుంది. ఇటుకలు గట్టివే అయినా మధ్యనున్న మట్టి నానితే గోడ నిలవనట్లు, రేణువులు మంచి బంగారమే అయినా నగ పెళుసవుతుంది. ఇందుకు వెయ్యి పాళ్లలో ఒక పాలు సీసం కూడా అక్కరలేదు.

కొందరు ఆ బూడిదరంగు కనబడకుండా పైన బంగారు పూత వేయిస్తారు. అందువల్ల కంటికి అనుమానం రాకపోయినా, అతుకు మరీ లావుగా, ముద్దగా, అంచులు గుండ్రంగా ఉన్నచోట సన్నని సూదితో మరుగున ఒక గీత గీయాలి. పసుపు కింద మెత్తని బూడిద లోహం తగిలితే అది తగరం-సీసమే. వెండి కలిసిన టంకం కూడా తెల్లగానే ఉంటుంది గాని, సూదికి అంత తేలికగా లొంగదు. గీటురాయి మీద ముందుభాగాన్ని రాసి చూస్తే ఇది తెలియదు. హాల్‌మార్క్ ముద్ర కూడా నగ తయారైనప్పటి స్వచ్ఛతనే చెబుతుంది, తరువాత జరిగిన మరమ్మతును చెప్పదు. స్వచ్ఛత చూసే ఎక్స్‌రే యంత్రం అందుబాటులో ఉంటే నగను ఊరికే పెట్టించకుండా, సరిగ్గా అతుకునే కిరణం కింద ఉంచి, సీసం, తగరం అంకెలను చూపించమని అడగాలి. యంత్రం పైపొరనే చదువుతుంది కాబట్టి పూత ఉన్నచోట ముందు గీకించాలి. వీటన్నిటికంటే ముందు, "అమ్మా, ఈ కొక్కెం ఇదివరకు ఎక్కడ అతికించారు?" అని నగ తెచ్చినవారిని అడగడం మరువకూడదు.

సీసం పనిశాలలోనే సోకే దారి కూడా ఉంది. రేకులో బొటిమలు, గిన్నెల ఆకారాలు దిగగొట్టడానికి సీసపు దిమ్మ వాడేచోట దాని పొడి రేకు వెనుక అంటుకుంటుంది. అలాగే కాల్చితే మచ్చ పడుతుంది. సీసం రుద్దిన ఆకురాయితో బంగారం రుద్దినా, ఆ రజనును బంగారపు రజనులో కలిపి కరిగించినా ఫలితం ఒక్కటే. దిమ్మకూ రేకుకూ మధ్య తోలుముక్క ఉంచాలి, ఆకురాళ్లను వేరుగా పెట్టుకోవాలి, కాల్చేముందు రేకును రుద్ది కడగాలి.

పరిష్కారం

మంట పెట్టకముందే కనిపెడితే పని కష్టం కాదు. టంకం కరిగేంత స్వల్పమైన వేడి మాత్రమే ఇచ్చి, కరిగినదాన్ని కుంచెతో తుడిచివేసి, మిగిలినదాన్ని చురకత్తితోనూ వేరుగా ఉంచిన ఆకురాయితోనూ మంచి పసుపు కనిపించేదాకా గీకాలి. సందుల్లో మిగిలిన పొరను ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవం కరిగిస్తుంది. ఇది చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట చేయవలసిన పని. సీసం కరిగిన ఆ ద్రవం విషం కాబట్టి కాలువలో పోయరాదు. ముత్యాలు, పగడాలు ఉన్న నగను ఏ ఆమ్లంలోనూ ముంచకూడదు, అవి కరిగిపోతాయి. లక్క మీద కూర్చిన రాళ్లకు ఆ స్వల్పమైన వేడి కూడా పనికిరాదు గనుక అక్కడ గీకుడే గతి. అతుకును లేజర్ యంత్రంతో వేయించదలచినా సీసాన్ని ముందే పూర్తిగా తీసివేయాలి. ఈ పనిలో తూకం కొద్దిగా తగ్గుతుంది. గీకకముందే అతుకును భూతద్దంలో యజమానికి చూపించి ఆ మాట చెప్పడం ధర్మం.

మంట పడి సీసం ఇంకిపోయిన తరువాత పైపైన మళ్లీ టంకం పెట్టడం వృథా. మచ్చ పడినంతమేర కోసి తీసివేసి, కొత్త ముక్క వేసి అతకాలి. మొత్తం కరిగిపోయి పెళుసైన బంగారమైతే వెలిగారంతో పాటు కొద్దిగా సురేకారం చల్లి మళ్లీ కరిగిస్తే కొంత సీసం భస్మమై మడ్డిలోకి పోతుంది. పాత పద్ధతిలో పాదరస లవణాలు వేయడం ప్రాణాంతకం, ఎవరు చెప్పినా చేయవద్దు. రెండవసారి పోసిన కడ్డీ కూడా పగిలితే దాన్ని శుద్ధికి పంపడమే మార్గం. అందులో మంచి బంగారం కలిపి సర్దుబాటు చేయాలనుకుంటే ఆ మంచి బంగారం కూడా చెడుతుంది.

అరుదైన కారణాలు

మెరుగు పెట్టేటప్పుడు గట్టి తెల్లని నలుసులు ఆకురాయికి తగిలితే ఇరిడియం వంటి లోహపు పొడి కలిసిందని అర్థం; అది టంకంతో సరిపోయేది కాదు, శుద్ధికి వెళ్లవలసినదే. బోలు గుండ్లు మంటలో పగిలితే లోపలి లక్క లేదా తడి కారణం. ముందుగా ఒక సన్నని రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి. ఆమ్లంలోంచి తీసిన నగ రాగిరంగుకు తిరిగితే ఇనుప పటకారు ముంచారన్నమాట. రాగి పటకారు వాడితే ఆ సమస్య ఉండదు.