కొత్త ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు నల్లగొండలో మనుషుల్ని కూడగట్టేదెలా

డేటాబేస్ కొత్తదైతే ఎవరైనా ముందు భయపడేది ఒక్కదానికే: డేటా పోతుందేమోనని. అందుకే ప్రాజెక్టు తెరవగానే కనిపించే పరిచయ ఫైల్ రీడ్‌మీలో ఫీచర్ల చిట్టా కన్నా ముందు, పావుగంటలో దించుకుని ఒక టేబుల్ పెట్టి ఒక క్వెరీ నడిపే కమాండ్లు ఉండాలి. వాటి కిందే ‘ఫైల్ ఫార్మాట్ ఇంకా మారొచ్చు, అసలైన పనికి ఇప్పుడే వాడకండి’ అని మొహమాటం లేకుండా రాయండి. ఒకసారి డేటా పోగొట్టుకున్నవాడు మళ్లీ రాడు, పదిమందికి చెప్తాడు కూడా.

కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్‌ను మొదటిరోజే తేల్చండి. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ లైసెన్స్ మార్చగానే, అందులో పనిచేసేవాళ్లలో కొందరు అదే కోడ్‌తో వాల్కీ పేరున వేరుపడ్డారు. కోడ్ హక్కులన్నీ మీ పేరున రాయించుకునే ఒప్పందం అడగకండి. ఎవరైనా కోడ్ మార్పు (కమిట్) పంపినప్పుడు, దాన్నిచ్చే హక్కు తమకుందని చెప్పే ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస చాలు.

ఇక మనుషులు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పిల్లల్లో సి ప్లస్ ప్లస్ వచ్చినవాళ్లను పది, పన్నెండు మందిని పిలవండి. యాభై మంది వద్దు, ఎందుకంటే సాయం చేయడానికి మీ కోడ్ తెలిసినవాళ్లు ఇద్దరే ఉంటారు. ఆదివారం మూడు గంటలు చాలు. రిపో (ప్రాజెక్టు కోడ్ మొత్తం), కంపైలర్, లైబ్రరీలు అన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, అందరూ ఒకేసారి దించితే ల్యాబ్ నెట్ కూలబడుతుంది. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్‌ను ఎనిమిది పనులు ఒకేసారి నడిపేలా పెడితే 4 జీబీ ల్యాప్‌టాప్‌లో మెమరీ అయిపోయి ‘కిల్డ్’ అని ఆగిపోతుంది. కొత్తవాళ్లు అది తమ తప్పనుకుంటారు. రెండే పెట్టించండి.

మొదటి పనిగా స్పెల్లింగ్ దిద్దడం ఇవ్వకండి. టీషర్ట్ ఆశ అసలే చూపకండి: కోడ్ ఇచ్చినవాళ్లకు టీషర్ట్ ఇచ్చే 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో చెత్త పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పు కలుపుకోమనే అభ్యర్థనలు) ఎలా వరదకట్టాయో అందరూ చూశారు. చిన్నదైనా నిజమైన తప్పు ఇవ్వాలి. ‘నల్లగొండ’ అనే పేరు టేబుల్‌లో పెట్టి పొడవు అడగమనండి. చదివేవాడికి నాలుగే అక్షరాలు. ఒత్తులు, గుణింతాలకు వేరే గుర్తులు లెక్కించే యూనికోడ్‌లో ఎనిమిది, దాన్ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8లో 24 బైట్లు. మీ ఫంక్షన్ 24 చెప్తే, పది అక్షరాల కాలమ్‌లో మన ఊరిపేరే పట్టదు. దీన్ని సరిచేసిన పిల్లవాడికి స్టోరేజ్ కోడ్ సగం అర్థమైపోతుంది.

రెండో పని కరెంటు పోయే పరీక్ష. నడుస్తున్న డేటాబేస్ ప్రాసెస్‌ను కిల్ -9 కమాండ్‌తో ఉన్నపళంగా చంపి ‘డేటా ఉంది’ అనుకుంటే మోసపోయినట్టే. రాసింది ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో భద్రంగా ఉంటుంది కాబట్టి, దాన్ని డిస్కు మీదికి రాయించే ఎఫ్‌సింక్ పిలవడం మర్చిపోయినా ఈ పరీక్ష పాసవుతుంది. డేటాబేస్‌ను వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) పెట్టి 1, 2, 3 అని వరుసగా ఎక్కించాలి. భద్రంగా రాసేశానని (కమిట్ అయిందని) డేటాబేస్ నుంచి జవాబొచ్చిన ప్రతి నంబరునూ పక్క ల్యాప్‌టాప్‌లో రాసుకుంటూ, మధ్యలో ఆ వర్చువల్ మెషీన్ పవర్ తీసేయాలి. చివరిగా రాసుకున్నది 4,312 అయితే, లేచాక అక్కడిదాకా ఒక్కటీ పోకూడదు. 4,313 ఉన్నా లేకున్నా తప్పు కాదు. ఇదేమీ చిన్నపిల్లల పని కాదు: ఎఫ్‌సింక్ విఫలమైనప్పుడు మళ్లీ పిలిస్తే సరిపోతుందనుకున్న పొరపాటు పోస్ట్‌గ్రెస్ లాంటి పేరున్న డేటాబేస్‌లోనే ఉన్నట్టు 2018లో బయటపడింది.

ఇంటికి పోయాక వాళ్లు అడిగేవాటికి 48 గంటల్లో జవాబివ్వండి. ‘అన్నా, బిల్డ్ అయితలేదు’ అని ఒక్క ముక్క వస్తుంది. ‘డాక్యుమెంట్ చదువు’ అంటే ఆ మనిషి పోయినట్టే. ‘ఏ లినక్స్ తమ్ముడూ, ర్యామ్ ఎంత, చివరి ఇరవై వరుసలు పంపు’ అని అడగండి. తేలిన జవాబును ఫోన్లోనే వదిలేయక, ప్రాజెక్టు పేజీలో అందరికీ కనిపించే ఇష్యూలో ఎక్కించండి, వచ్చేవారం ఇంకొకరు అదే అడుగుతారు.

ఎనిమిది, పది మంచి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) ఇచ్చి, ఇతరుల కోడ్‌లో తప్పు పట్టగలిగినవాళ్లకు కోడ్‌ను నేరుగా మార్చే కమిట్ హక్కు ఇవ్వండి. రిలీజ్ మీదేనని రుజువు చేసే సంతకం కీ, డొమైన్ పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. మీకు జ్వరమొస్తే రిలీజ్ ఆగకూడదు.