విశాఖలో చిన్న వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి? ముందు అమ్మి చూడండి, తర్వాతే షాపు

వ్యాపారం పెడదామనుకోగానే చాలామంది మొదట షాపు వెతుకుతారు. మేమూ అదే చేశాం. అక్కయ్యపాలెంలో ఇడ్లీ, దోశ పిండి షాపు కోసం అడ్వాన్సు ఇచ్చి, రంగులు వేయించి, బోర్డు పెట్టించేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది. మినప్పప్పు బస్తా కొనడానికి చెవి దుద్దులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పిండికి మంచి పేరే వచ్చింది, గిరాకీ కూడా ఉంది. అయినా ఏడో నెలలో షట్టరు దించేశాం, తిప్పుకోవడానికి డబ్బు లేక. రెండోసారి వరస మార్చాం. ముందు అమ్మకం, తర్వాత లెక్క, ఆ తర్వాత చోటు, ఆఖరున అప్పు. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ పిండిదే అయినా కర్రీ పాయింట్‌కైనా, టైలరింగ్‌కైనా పనికొస్తుంది.

1. ఒక నెల ఇంటి నుంచే అమ్మండి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చాలు. ఇంట్లో ఉన్న గ్రైండర్‌తో రోజుకు ఐదారు కిలోలు రుబ్బి, డబ్బు తీసుకునే అమ్మండి. చుట్టాలకు ఊరికే ఇస్తే అందరూ బాగుందనే అంటారు, దాన్ని బట్టి ఏమీ తేలదు. రెండో వారం కూడా అడిగి కొనుక్కున్నవాళ్లు ఎంతమందో రాసుకోండి. మీకు కావాల్సిన అంకె అదే.

ఈ నెలలో సరుకు గుణం కూడా తెలుస్తుంది. మన విశాఖ ఉక్కపోతకి పిండి ఎంత తొందరగా పులుస్తుందో చూస్తే గానీ నమ్మలేం. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోతే, సీలు వేసిన కవర్లు తెల్లవారేసరికి దిండ్లలా ఉబ్బిపోయాయి. ఒకటి చేతిలోనే పగిలి ముఖం మీద చిమ్మింది. అరవై కవర్లు పారబోశాం. అప్పటినుంచి వేసవిలో చన్నీళ్లతో రుబ్బడం, రుబ్బిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం, చిన్న ఇన్వర్టర్ ఉంచుకోవడం అలవాటయింది.

2. కిలోకు ఎంత మిగులుతుందో తేల్చుకోండి

పప్పు, బియ్యం, ఇడ్లీ నూక కొన్న ధర రాయండి. రుబ్బాక వచ్చిన పిండిని తూచండి. కవరు, కరెంటు, మిగిలి పారబోసిన పిండి ఖర్చు కూడా కలపండి. ఇవన్నీ పోను కిలోకు 20 రూపాయలు మిగులుతుందనుకుందాం.

షాపు అద్దె 12,000, కరెంటు కనీస చార్జీలు, చిల్లర ఖర్చులు 3,000, సహాయకురాలి జీతం 10,000. మొత్తం 25,000. దీన్ని 20తో భాగిస్తే నెలకు 1,250 కిలోలు, అంటే రోజుకు దాదాపు 42 కిలోలు అమ్మితే ఖర్చులకు సరి. ఇందులో మీ కష్టానికి ఒక్క రూపాయి లేదు. మీ జీతం 15,000 వేసుకుంటే రోజుకు 67 కిలోలు అమ్మాలి. చాలామంది తమ జీతం లెక్కలో రాసుకోరు, తర్వాత గల్లాపెట్టెలోంచి తీసుకుంటూ పోతారు. మా మొదటి షాపు మునిగింది అక్కడే. మీ అంకె చూసి గుండె జారితే ఇంటి నుంచే ఇంకో మూడు నెలలు అమ్మండి, తప్పేం లేదు.

3. చోటు: జనం ఇంటికి వెళ్లే వైపు చూడండి

జగదాంబ జంక్షన్‌లోనో ద్వారకానగర్‌లోనో జనం విపరీతం. కానీ అక్కడికి బట్టలకీ సినిమాలకీ వచ్చినవాళ్లు పిండి కొనరు. పిండి కొనేది ఇంటికి వెళ్లే దారిలో. ఎంవీపీ కాలనీ, సీతమ్మధారల్లో అపార్ట్‌మెంట్లు ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. మధురవాడ వైపు ఇద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి, రుబ్బుకునే తీరిక వాళ్లకు ఉండదు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టులను బట్టి బేరాలు ఉంటాయి కాబట్టి షాపు వేళలు కూడా దానికి తగ్గట్టు పెట్టుకోవాలి.

ఒక చోటు నచ్చితే అక్కడ మూడు సాయంత్రాలు, ఐదు నుంచి ఎనిమిది దాకా నిలబడండి. ఒకటి మామూలు రోజు, ఒకటి శనివారం, ఒకటి ఆదివారం. చేతిలో కూరగాయల సంచితో ఎంతమంది వెళ్తున్నారో లెక్కపెట్టండి. బీఆర్టీఎస్ రోడ్డు లాంటి డివైడర్ ఉన్న రోడ్డయితే ఏ వైపన్నది చాలా ముఖ్యం. అవతలి వైపు షాపు కోసం ఎవరూ బండి తిప్పుకుని రారు. రైతుబజారు దగ్గరైతే పొద్దుటి పూట కూడా వెళ్లి చూడండి.

వర్షం పడినప్పుడు ఒకసారి తప్పకుండా వెళ్లండి. మనది కొండలూ గెడ్డల ఊరు, పై నుంచి దిగే నీళ్లు ఎటు పోతాయో ఎండలో తెలియదు. సముద్రానికి దగ్గరగా ఉంటే ఉప్పుగాలికి ఇనుప షట్టరు, ర్యాకులు తొందరగా తుప్పు పడతాయి. సామాను స్టీలుది తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లో సరుకున్న వ్యాపారాలన్నీ దెబ్బతిన్నాయి. షాపుకు, సరుకుకు బీమా చేయించేటప్పుడు తుపాను, వరద నష్టం కలిపారో లేదో చదివి సంతకం పెట్టండి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. అద్దె ఏడాదికి ఎంత పెంచుతారు, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎప్పుడు వెనక్కిస్తారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. కరెంటు మీటరు ఇళ్ల కేటగిరీలో ఉంటే మార్పించాలి, గ్రైండర్‌కు సరిపడా లోడ్ కూడా కావాలి. మా మొదటి ఓనరు "మీటరు సంగతి మీరే చూసుకోండమ్మా" అన్నారు. ఆ ఖర్చంతా మా మీదే పడింది.

4. డబ్బు: అప్పు కంటే ముందు నిల్వ

పెట్టుబడిని మూడు భాగాలుగా అనుకోండి: అడ్వాన్సు, సామాను, తిప్పుకునే డబ్బు. మూడోది కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపోవాలి. అది పక్కన పెట్టాకే బోర్డు సంగతి ఆలోచించండి.

ముద్ర రుణంలో శిశు విభాగం 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. వీటికి ఆస్తి తనఖా అక్కర్లేదు. ఇంటి నుంచి అమ్మిన నెలల యూపీఐ జమలు, లెక్కల పుస్తకం పట్టుకెళ్తే బ్యాంకులో మాట తీరే మారుతుంది. డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ రుణం కూడా కనుక్కోండి.

తయారీ యూనిట్‌కు పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కూడా ఉంది. నగరంలో జనరల్ వారికి ప్రాజెక్టు ఖర్చులో 15 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వంటి వారికి 25 శాతం సబ్సిడీ. ఆరు లక్షల ప్రాజెక్టుకు ఒక మహిళ చేతినుంచి పెట్టాల్సింది 5 శాతం, అంటే 30,000. సబ్సిడీ లక్షన్నర. కానీ ఇది కొత్త యూనిట్లకే, కాబట్టి మంజూరు కాకముందే యూనిట్ మొదలుపెట్టకండి. సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే దీన్ని నమ్ముకోండి.

నూటికి ఐదు రూపాయల వడ్డీకి మాత్రం వెళ్లకండి. అది ఏడాదికి 60 శాతం. పిండిలో వచ్చే లాభం దానికి చాలదు.

5. కాగితాలు

భయపడాల్సినంత లేవు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మకండి. తినే వస్తువైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు ఇంటి నుంచి అమ్మేటప్పుడే చేయించుకోవాలి, ఆ 14 అంకెల నంబరు కవరు మీద ఉండాలి. జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు అద్దెకు దిగాక. కార్మిక శాఖలో షాపు నమోదు మీకు వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ముద్ర ఏటా వేయించాలి. కవరు మీద బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు వేయండి. సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అక్కర్లేదు.

6. రోజూ పది నిమిషాలు పుస్తకం

షట్టరు దించే ముందు మూడు అంకెలు రాయండి: ఎంత రుబ్బాం, ఎంత అమ్మాం, ఎంత మిగిలింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ పుస్తకం మాట్లాడుతుంది. శనివారం రాత్రి అన్నం మానేసి పలహారం తినే ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మాకు పుస్తకం చూశాకే తెలిసింది. శని, ఆదివారాలకు మామూలుకి రెట్టింపు రుబ్బుతాం, సోమవారం సగానికి తగ్గిస్తాం. కార్తీకమాసంలో సోమవారాలు మాత్రం వేరే లెక్క.

వ్యాపారం డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్ కూడా దానిదే పెట్టండి. ఇంటి ఖర్చుకు నెలకోసారి మీ జీతం మాత్రమే తీసుకోండి.

అరువు విషయంలో గట్టిగా ఉండాలి. హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు ఒక్కసారే ఇరవై కిలోలు అడిగితే సంబరంగా ఉంటుంది. డబ్బు మాత్రం "వచ్చే వారం" అంటారు. ఎవరికైనా వారం సరుకుకు మించి అరువు ఇవ్వకండి, పాత బాకీ తీరాకే కొత్త సరుకు. ఒక పెద్ద ఖాతా పోయినందుకు మేము రెండు రోజులు బాధపడ్డాం. మూడో నెలలో వాళ్లే నగదుతో వచ్చారు.

రెండో గ్రైండరు ఎప్పుడు కొనాలని నన్ను చాలామంది అడుగుతారు. వరసగా రెండు నెలలు, వారంలో నాలుగు రోజులైనా రాత్రి ఏడున్నరకే పిండి అయిపోయి జనం వెనక్కి వెళ్తుంటే కొనండి. అప్పటిదాకా ఉన్నదాన్నే ఇంకో గంట ఎక్కువ తిప్పండి.