పాత థండర్‌బర్డ్‌కి ఇంజిన్ పని చేయించాక కూడా లాగడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

పదేళ్లు దాటిన రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350కి ఇంజిన్ దింపించే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ట్విన్‌స్పార్క్ (రెండు ప్లగ్గుల) మోడల్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 70 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మి.మీ. మొత్తం 346 సీసీ. ఒక మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే 356 సీసీ అవుతుంది. పెరిగింది పది సీసీ, మూడు శాతం కూడా లేదు. అరుగుదలలో బండి పోగొట్టుకున్నది అంతకంటే చాలా ఎక్కువ. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో బోరు కొట్టించి తెచ్చాక కూడా బండి లాగకపోతే పిస్టన్ సైజును అనుమానించకండి. కంప్రెషన్ లీకవుతూ ఉండాలి, లేదా గాలికి తగ్గ పెట్రోలు అందక ఉండాలి, లేదా స్పార్క్ బాగాలేక ఉండాలి. ఏది అన్నది బండే చెబుతుంది.

సమస్య: నీలం పొగ, పికప్ లేదు

పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి వచ్చి ఆగిపోయినా, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు వచ్చినా వాల్వ్ గైడ్లు, సీళ్లు చూడాలి. లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు.

ఇక్కడ చాలామంది కంప్రెషన్ గేజ్ పెట్టి, రీడింగ్ తక్కువ వచ్చిందని హెడ్ మళ్లీ దింపేస్తారు. ఈ ఇంజిన్‌లో ఆటో డీకంప్రెసర్ ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త తెరిచి ఉంచుతుంది కాబట్టి గేజ్ ఎలాగూ తక్కువే చూపిస్తుంది. నమ్మదగ్గ పద్ధతి వేరే ఉంది. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకి తెచ్చి, గేరులో పెట్టి, వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపించండి. తర్వాత చెవి పెట్టి వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర బాగా బుస్సుమంటే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్. వాల్వ్ దగ్గర లీకైతే సీటింగ్ కట్ చేయించి, లాపింగ్ (వాల్వ్‌ను సీటు మీద రుద్ది సరిగ్గా అతికేలా చేయడం) చేయించాలి.

రింగులైతే రెండు చూడాలి. ఒకటి గ్యాప్. రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో అంగుళం లోపలికి తోసి, రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ పెట్టండి. 70 మి.మీ. బోరుకి 0.28 మి.మీ. అటూ ఇటూ ఉండాలి. ఇది బోరులో ప్రతి 10 మి.మీ.కి 0.04 చొప్పున వేసే లెక్క. కొత్త సెట్ కదా అని కొలవకుండా వేయనివ్వద్దు. రెండోది హోనింగ్, అంటే సిలిండర్ లోపలి గోడను రాయితో సన్నగా గీయడం. గోడ మీద ఒకదాన్నొకటి అడ్డంగా కోసే సన్నటి గీతలు కనబడాలి. గోడ అద్దంలా నున్నగా ఉంటే రింగులు కూర్చోవు. కూర్చునే అవకాశం కూడా మొదటి కొన్ని గంటల్లోనే. కొత్త ఇంజిన్‌ను స్టాండ్ వేసి గంటల తరబడి ఐడ్లింగ్‌లో ఉంచడం తప్పు. రోడ్డెక్కించి మీడియం యాక్సిలరేటర్‌తో లాగుతూ, వదులుతూ నడపాలి. 300 కిలోమీటర్లకే ఆయిల్ మార్చేయండి.

సమస్య: బాగానే స్టార్ట్ అవుతుంది, కానీ మొద్దుగా లాగుతుంది

రెండు ప్లగ్గుల్లో ఒకటి పోయినా ఈ బండి నడుస్తూనే ఉంటుంది, అందుకే త్వరగా అనుమానం రాదు. ఐడ్లింగ్‌లో ఒక్కో క్యాప్ తీసి చూడండి. తీసిన క్యాప్‌లో పాత ప్లగ్ పెట్టి ఇంజిన్ బాడీకి ఆనించి ఉంచాలి, లేకపోతే కాయిల్ దెబ్బతింటుంది. ఏ క్యాప్ తీస్తే ఇంజిన్‌లో మార్పు రాదో ఆ వైపే లోపం.

సమస్య: యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపలు, ప్లగ్ తెల్లగా

ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగను అడ్డు లేకుండా వదిలేది), కొత్త ఫిల్టర్ పెట్టి కార్బురేటర్ ముట్టుకోని బండికి ఇది తప్పదు. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కిలో మామూలు పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. పాత జెట్లతో (కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) ఈ మిశ్రమం పోస్తే ఏ మార్పూ చేయని బండి కూడా లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు.

జెట్ కొనే ముందు ఇన్‌టేక్ రబ్బరు చూడండి. ఐడ్లింగ్‌లో దాని చుట్టూ కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి, అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. ఆర్‌పీఎం మారితే రబ్బరు పగిలినట్టే. ఇథనాల్‌కి పాత రబ్బర్లు తొందరగా గట్టిపడతాయి. రబ్బరు బాగుంటే అప్పుడు జెట్లు. వదిలినప్పుడు టపటపలకు పైలట్ జెట్, మిక్స్చర్ స్క్రూ. సగం యాక్సిలరేటర్‌లో తడబడితే సూది ఎత్తు. ఫుల్లులో ఆగినట్టు అనిపిస్తే మెయిన్ జెట్. ఒక్కసారికి ఒక్క సైజే మార్చి, ప్లగ్ లేత ఇటుక రంగుకి వచ్చేదాకా చూడండి. యాక్సిలరేటర్ సగం దాటాక స్పీడు అసలు పైకి పోకపోతే కార్బురేటర్‌లోని డయాఫ్రంను (పలుచటి రబ్బరు పొర) వెలుతురుకి ఎత్తి చూడండి, సూది మొనంత చిల్లు చాలు దాన్ని పాడు చేయడానికి.

సైలెన్సర్ మీద నా మాట: ఒరిజినల్‌దే ఉంచండి. ఈ ఇంజిన్‌లో ఫ్రీ ఫ్లో వల్ల వచ్చే లాభం తక్కువ, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నష్టం ఎక్కువ. సీసీ మారేలా మార్పులు చేస్తే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా అడ్డొస్తుంది.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు టింగ్ టింగ్ చప్పుడు

కొండవీడు ఘాట్ రోడ్డు మీద టాప్ గేరులో లాగితే బయటపడే జబ్బు ఇది. హెడ్ ఫేసింగ్‌లో (హెడ్ అడుగును చదును చేసేటప్పుడు) ఎక్కువ కోసేసి కంప్రెషన్ పెంచి ఉంటారు, లేదా మిశ్రమం లీన్‌గా ఉండి ఉంటుంది. మే నెల ఎండలో రెండూ కలిస్తే పిస్టన్ తల కరుగుతుంది. ముందు జెట్ సరిచేయండి. అప్పటికీ ఆగకపోతే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి చూడండి. దాంతో ఆగితే హెడ్ కింద మందం గ్యాస్కెట్ వేయించాలి. ఆ చప్పుడుతో ఒక్క రోజు కూడా నడపవద్దు.

సమస్య: మంగళగిరి దాకా బాగుంటుంది, గుంటూరు చేరేలోపు నీరసిస్తుంది

ట్యాంకు మూత తెరవండి. గాలి పీల్చిన చప్పుడొచ్చి బండి మళ్లీ లాగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది, శుభ్రం చేస్తే చాలు. అలా కాకుండా ఇంజిన్ బిగుసుకుపోతున్నట్టు ఉంటే వెంటనే క్లచ్ పట్టి పక్కకు ఆపండి. పిస్టన్‌కి, బోరుకి మధ్య సందు తక్కువగా కొట్టారు. చల్లారాక దానంతటదే తిరిగినా సిలిండర్ విప్పించి గీతలు చూడాల్సిందే.

సమస్య: ఇంజిన్ అరుస్తుంది, స్పీడు పెరగదు

క్లచ్ జారుతోంది. పవర్ పెరిగాక పాత ప్లేట్లు ఓర్చుకోవు. కేబుల్‌లో కాస్త లూజు ఉందో లేదో ముందు చూసి, తర్వాత ఆయిల్ డబ్బా చూడండి. దాని మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగి పనిచేసే బైకు క్లచ్‌లకు సరిపోయే ఆయిల్ గుర్తు) అని ఉండాలి. చౌకగా వస్తుందని కార్ల ఆయిల్ పోసి ఉంటే అది తీసేసి, ప్లేట్లు, స్ప్రింగులు కొత్తవి వేయించండి.